చవక కత్తిని చేతిలోకి తీసుకుని విలువ కట్టడం ఎలా?

విశాఖ పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో ఇనుప సామాను కొట్టు ముందు నిలబడితే కూరగాయల చాకు, చేపల కత్తి, కొబ్బరిబొండాల కత్తి, కొడవలి, కత్తిపీట అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. కొత్తవి కాబట్టి అన్నీ మెరుస్తుంటాయి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు చాకుల్లో ఒకటి 80 రూపాయలు, ఇంకొకటి 300 రూపాయలు అన్నప్పుడు తేడా ఎక్కడుందో కొనేవారికి తెలియదు. చాలాసార్లు అమ్మేవారికీ తెలియదు. ధర ఎక్కువ కాబట్టి మంచిదే అయి ఉంటుందని కొనేవారు కొందరు, కత్తికి అంత ధర దండగని చవకది పట్టుకుపోయేవారు కొందరు. రెండూ గుడ్డి లెక్కలే.

వంటింటి చాకు అలుగులో (పిడి కాక మిగిలిన కోసే భాగంలో) ఉండే ఉక్కు సాధారణంగా వంద గ్రాములు దాటదు. మంచి ఉక్కుకూ నాసిరకం ఉక్కుకూ ముడిసరుకు ధరలో ఉన్న తేడా ఒక్క చాకు దగ్గరికి వచ్చేసరికి కొద్ది రూపాయలకే వస్తుంది. తయారీదారుకు చేయి కాలేది మూడు చోట్ల: ఉక్కును కాల్చి, చల్లార్చి సరిగ్గా గట్టిపరచడం, వెన్ను (మొద్దు అంచు) నుంచి వాదర (పదునైన అంచు) దాకా పలచబడేలా అరగదీయడం, పిడిని కదలకుండా బిగించడం. ధర తగ్గించాలనుకున్నవారు కోత పెట్టేదీ ఈ మూడింటిలోనే. ఆ కోతలన్నీ కంటికో, చెవికో, వేలికో దొరుకుతాయి. ఎలాగో వరసగా చెబుతాను.

ముందు పని తేలాలి

ఏ పనికి కత్తి కావాలో తేల్చుకోకుండా కొట్టుకు వెళితే తమ దగ్గర మిగిలిపోయినది అంటగడతారు. కూరగాయలకు వెన్ను మందం 1.5 నుంచి 2 మిల్లీమీటర్లు చాలు. అంతకు మించితే క్యారెట్, చిలగడదుంప తెగవు, చీలతాయి. కానగంతలు శుభ్రం చేయడానికి సన్నటి మొన కావాలి. వంజరం నడుముముల్లు కొట్టడానికి బరువు కావాలి. ఒకే కత్తి ఈ రెండూ చేయలేదు. పనసపొట్టు కొట్టేవారికి బరువుతోపాటు పాలు అంటుకుపోని నునుపైన పక్కలు ముఖ్యం. బొండాల కత్తికి ముందువైపు బరువుండాలి. పెరట్లో పిచ్చిమొక్కలు నరకడానికి మాత్రం బరువు శత్రువు, పొడవు, పలచన కావాలి.

అన్ని పనులకూ సరిపోయే కత్తి అని ఎవరైనా అంటే అది అమ్మకపు మాట. ఇంటికి ఒక కూరగాయల చాకు, ఒక బరువు కత్తి ఉంటే సరిపోతుంది. అట్టపెట్టెలో ఐదు కత్తులు, ఒక కత్తెర, ఒక చెక్క స్టాండు కలిపి ఇచ్చే సెట్లలో సాధారణంగా ఒకటి రెండు తప్ప మిగతావి స్టాండుకు అలంకారమే.

ఉక్కు సంగతి

విశాఖలో ఈ విషయంలో ఊరి గాలికీ ఒక ఓటుంది. సముద్రపు తేమలో ఉప్పు ఉంటుంది. బీచ్ రోడ్డు వెంబడి, లాసన్స్ బే కాలనీ, పెద జాలరిపేట వైపు ఇళ్లలో కిటికీ చువ్వలు ఎంత తొందరగా తుప్పు పడతాయో అక్కడ ఉండేవారిని అడగనక్కరలేదు. మామూలు కార్బన్ ఉక్కు కత్తిని తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి చారలు కడుతుంది. స్టెయిన్‌లెస్ అంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కు. దాని మీద కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును అడ్డుకుంటుంది. అయితే ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సూదిమొనంత గుంటలు పెడుతుంది. ఉప్పుచేప కోసిన చాకును, ఆవకాయ మామిడి ముక్కలు కోసిన కత్తిని రాత్రంతా సింకులో వదిలేస్తే స్టెయిన్‌లెస్ అయినా మచ్చలు పడేది అందుకే.

మరి కార్బన్ ఉక్కు ఎందుకు కొనాలి? సగం శాతానికి పైగా కార్బన్ ఉన్న ఉక్కు బాగా గట్టిపడుతుంది, సానరాయి మీద నాలుగు రాపిళ్లకే పదునెక్కుతుంది. వాడిన వెంటనే కడిగి తుడిచే అలవాటున్న ఇంట్లో అదే డబ్బుకు దానంత పని చేసే కత్తి మరొకటి రాదు. ఆ అలవాటు లేని ఇంట్లో స్టెయిన్‌లెస్సే మేలు. మొహమాటం లేకుండా మీ ఇంటి సింకును ఒకసారి చూసుకుని తేల్చుకోండి.

స్టెయిన్‌లెస్‌లోనూ తరగతులున్నాయి. అట్ట మీద 420, 420జే2, 3సీఆర్13 అని ఉంటే కార్బన్ సుమారు 0.3 శాతం మాత్రమే. తుప్పు తొందరగా పట్టదు గాని పదును తొందరగా పోతుంది. 1.4116 అనో 5సీఆర్15ఎంఓవీ అనో ఉంటే కార్బన్ దాదాపు 0.5 శాతం, క్రోమియం 15 శాతం దరిదాపుల్లో ఉంటుంది. విక్టోరినాక్స్ వంటింటి చాకుల్లో వాడేది ఈ తరగతి ఉక్కే. ఏ తరగతీ రాయకుండా కేవలం ‘హై క్వాలిటీ స్టీల్’ అనో ‘జర్మన్ టెక్నాలజీ’ అనో రాస్తే, ఏమీ రాయనట్టే లెక్క. గట్టిదనాన్ని రాక్‌వెల్ సి కొలతలో చెబుతారు. చవక స్టెయిన్‌లెస్ చాకులు 52 నుంచి 56 మధ్య ఉండటం మామూలు. 200 రూపాయల చాకు అట్ట మీద 60 అని అచ్చేస్తే ఆ అంకెను పక్కన పెట్టి మిగతా పరీక్షలు చేయండి.

ఇక్కడ అయస్కాంతం గురించి తప్పకుండా చెప్పాలి. అయస్కాంతం అంటుకుంటే అసలు స్టెయిన్‌లెస్ కాదని చాలామంది నమ్మకం. గిన్నెలకు, గ్లాసులకు అది కొంతవరకు నిజం; వాటికి వాడే 304 రకం అయస్కాంతానికి అంటుకోదు. కత్తి విషయంలో లెక్క తలకిందులు. కాల్చి గట్టిపరచగలిగిన స్టెయిన్‌లెస్ రకాలు అయస్కాంతానికి అంటుకునేవే. ఏ మాత్రం అంటుకోని చాకు అంటే గిన్నెలు చేసే రేకుతో చేసిన చాకు. దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు. దుకాణదారు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, ఒరిజినల్ స్టీలు" అని చూపిస్తే ఆ కత్తిని మర్యాదగా కింద పెట్టేయండి.

మన ఊళ్లో వినిపించే ఇంకో మాట ‘స్టీల్ ప్లాంటు ఉక్కు’. విశాఖ ఉక్కు కర్మాగారం పేరున్నదే, కానీ అక్కడి నుంచి బయటికి వచ్చే సరుకులో ఎక్కువ భాగం కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్లు, ఛానళ్లు. ఇల్లు కట్టే కడ్డీలో కార్బన్ 0.3 శాతం మించకూడదన్నది దేశీయ ప్రమాణం, ఎందుకంటే కడ్డీ వంగాలి, వెల్డింగ్‌కు నిలవాలి. కత్తికి కావలసినది దీనికి వ్యతిరేక గుణం. కాంక్రీటు కడ్డీని సాగగొట్టి చేసిన కత్తి చూడటానికి బాగానే ఉంటుంది; నాలుగు బొండాలు కొట్టేసరికి వాదర మడత పడుతుంది.

కొట్టు ముందు చేయవలసిన పరీక్షలు

వెన్నుతో మొదలుపెట్టండి. పిడిని కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు వెన్ను వెంబడి మొన దాకా చూడాలి. అలుగు ఒక పక్కకు వంగినా, మెలి తిరిగినా కాల్చి చల్లార్చేటప్పుడు వంపు వచ్చి, దాన్ని సరిచేయకుండానే పెట్టెలో పెట్టారని అర్థం. వాదరనూ అలాగే చూడండి. అంచు గీత నిటారుగా ఉండాలి, పాములా తిరగకూడదు.

తర్వాత కత్తిని వాదర పైకి వచ్చేలా దీపం కింద పట్టుకుని మెల్లగా అటూఇటూ తిప్పండి. నిజంగా పదునున్న వాదర మీద వెలుగు నిలవదు, ఏమీ కనిపించదు. తెల్లటి గీత మెరిస్తే అక్కడ పదును లేదు. చుక్కలా మెరిస్తే అక్కడ లొట్ట పడి ఉంది. దీని కోసం కొట్టు బయటికి వచ్చి ఎండలో చూడటం ఇంకా మంచిది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, దాదాపు ఎవరూ చూడనిది: వాదర వెనుక మందం. బొటనవేలు, చూపుడువేలు వెన్ను దగ్గర రెండు పక్కలా ఆనించి మెల్లగా వాదర వైపు జార్చండి. అంచుకు కాస్త ముందే ఆపేయాలి, వేళ్లు తెంచుకోనక్కరలేదు. మంచి కత్తిలో మందం అంగుళం అంగుళానికీ తగ్గుతూ వస్తుంది. చవక కత్తుల్లో చాలావాటికి రేకు మందం మొదటి నుంచి చివరి దాకా ఒకటే. ఆఖరి ఒకటి రెండు మిల్లీమీటర్లలో మాత్రం ఒక్కసారిగా ఏటవాలుగా చెక్కేసి పదును పెట్టామంటారు. అలాంటిది ఎంత సానపట్టినా ఉల్లిపాయను కోయదు, పగలగొడుతుంది. కూరగాయల చాకులో వాదరకు కొంచెం పైన మందం అర మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండాలి. మామూలు జెరాక్స్ కాగితాలు ఐదు పేరిస్తే వచ్చేది దాదాపు అంతే మందం, వేళ్లకు అలవాటు కావాలంటే ఇంట్లో ఒకసారి పట్టుకుని చూడండి.

రంగు కూడా చూడాలి. అరగదీసే యంత్రం మీద గట్టిగా అదిమి పట్టుకుంటే అంచు వేడెక్కి ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, ఆఖరికి నీలం రంగు తేలుతుంది. కార్బన్ ఉక్కు మీద నీలం కనిపించిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీలకు చేరింది. వంటింటి చాకు మొనమీదో వాదర మీదో నీలి మరక ఉంటే ఆ మేరకు ఉక్కు మెత్తబడినట్టే. తయారీదారు దాన్ని పాలిష్ కింద దాచగలడు, అందుకే అద్దంలా మెరిసే చవక చాకును నేను రెండు రెట్లు అనుమానంగా చూస్తాను.

గట్టిదనం చూడటానికి చిన్న ఆకురాయి వెంట తీసుకెళ్లవచ్చు. అడిగి, ఒప్పుకుంటేనే, పిడికి దగ్గరగా వాదర మడమ మీద ఒక్కసారి తేలికగా రాయండి. ఆకురాయి జారుతూ సన్నగా కీచుమంటే ఉక్కు గట్టిపడింది. వెన్నలోకి దిగినట్టు కొరికేస్తే మెత్తగా ఉంది. వెన్ను మీద రాసి తీర్పు చెప్పకండి, కొన్ని మంచి కత్తుల్లో వెన్నును కావాలనే మెత్తగా ఉంచుతారు.

దుకాణదారు వార్తాపత్రిక ముక్కను సర్రున కోసి చూపిస్తే ముచ్చట పడండి గాని మోసపోకండి. ఏ ఇనుప రేకుకైనా ఆ రోజుకు పదును పెట్టవచ్చు. కాగితం పరీక్ష చెప్పేది ఇవాళ్టి సాన సంగతే. ఉక్కు ఎన్నాళ్లు నిలుపుతుందో అది చెప్పదు. దీనికి వ్యతిరేకం కూడా నిజమే: పదును లేకుండా అమ్ముతున్న కత్తి చెడ్డదని అనుకోనవసరం లేదు.

పిడి

కత్తులు ఎక్కువగా చచ్చేది పిడి దగ్గరే. చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ పలకలను రివెట్లతో బిగించిన పిడి అయితే అలుగు ఉక్కు పిడి చివరిదాకా సాగి ఉందో లేదో పక్క నుంచి చూడండి. రివెట్ల తలలు గోటికి తగలకూడదు. ఉక్కుకూ పలకకూ మధ్య సందులో నుంచి వెలుగు కనిపిస్తే చారు నీళ్లు, చేప నీచు అందులోకి చేరి లోపల తుప్పు, వాసన మొదలవుతాయి. పోత పోసిన ప్లాస్టిక్ పిడి అయితే లోపలి ఉక్కు ఎంత దూరం వెళ్లిందో కనపడదు. అప్పుడు పిడిని ఒక చేత్తో, అలుగు వెన్నును గుడ్డతో మరో చేత్తో పట్టుకుని కొద్దిగా మెలితిప్పి చూడాలి. చిటపటమన్నా, సందు తెరుచుకున్నా వదిలేయండి.

తడిచేత్తో పట్టుకుని చూడమని అడగడానికి సిగ్గుపడవద్దు. చేపలు శుభ్రం చేసే పిడి నున్నగా ఉంటే అది చేతికి ప్రమాదం. ఫిషింగ్ హార్బర్‌లో రోజంతా చేపలు కోసేవారు కత్తిపీటను కాలితో అదిమిపెట్టి పని చేయడంలో ఈ సుళువు కూడా ఉంది: జారే పిడి అసలు లేదు. కత్తిపీట కొనేవారు అలుగుకు పై పరీక్షలే చేసి, అదనంగా అలుగు పీటలోకి దిగిన చోట కదలిక ఉందేమో చూసుకుంటే చాలు.

మచ్చుకత్తి, బొండాల కత్తి

వంటింటి చాకుకు చెప్పిన లెక్కలు ఇక్కడ సగమే వర్తిస్తాయి. చాకు కోస్తుంది, పొదలు, కొమ్మలు నరికే మచ్చుకత్తి దెబ్బ కొడుతుంది. దెబ్బ తట్టుకోవాలంటే ఉక్కు అతిగా గట్టిపడకూడదు, పెళుసెక్కి పెచ్చులూడుతుంది. అందుకే మచ్చుకత్తిని చాకుకన్నా మెత్తగా ఉంచుతారు, రాక్‌వెల్‌లో 50కి అటూఇటూ ఉన్నా తప్పు లేదు. వాదర మడత పడితే ఆకురాయితో సరిచేసుకోవచ్చు. పెచ్చు ఊడితే అంత మేరా అరగదీయాల్సిందే.

చాలామంది మందం చూసి విలువ కడతారు, మందంగా ఉంటే బలమైనదని. పొదలు, గడ్డి, అరటి ఆకులు నరికే కత్తికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు చాలు. ప్రపంచమంతా పొలాల్లో వాడే బ్రెజిల్ మచ్చుకత్తులు దాదాపు 2 మిల్లీమీటర్ల పలకతో చేసినవే. 5 మిల్లీమీటర్ల కత్తితో గంటసేపు పొద నరికితే పొద కన్నా ముందు భుజం పడిపోతుంది. బొండాల కత్తికి, పనసకాయ కొట్టే కత్తికి మాత్రం 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం న్యాయమే, అక్కడ పని చేసేది బరువు.

వంపు పరీక్ష పలచటి మచ్చుకత్తికి అసలైన పరీక్ష. మొనను చెక్కదిమ్మ మీద ఆనించి, మీ ముఖానికి, కాళ్లకు దూరంగా, మెల్లగా రెండు మూడు అంగుళాలు వంచి వదలండి. నిటారుగా వెనక్కు వస్తే సరిగ్గా గట్టిపరిచారు. వంపు నిలిచిపోతే అది రేకు. మందపాటి కత్తి మీద ఈ ప్రయోగం చేయవద్దు. అది వంగదు, చేయి జారుతుంది. దానికి శబ్దం పరీక్ష చాలు. పిడి దగ్గర రెండు వేళ్లతో వదులుగా వేలాడదీసి అలుగును గోటితోనో తాళంచెవితోనో మీటండి. ఖంగున మోగి కాసేపు నిలవాలి. బోలు చప్పుడు వస్తే పిడి వదులైనా అయి ఉండాలి, పగులైనా ఉండాలి.

పిడి కలిసే చోట వెల్డింగ్ గుర్తు ఉందేమో వంగి చూడండి. అలుగు ఒక ముక్క, పిడిలోకి దూరే కడ్డీ ఇంకో ముక్క చేసి అతికించి, మీద రంగు పూసి అమ్ముతుంటారు. దెబ్బ బలమంతా పడేది సరిగ్గా అక్కడే. విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. వెల్డింగ్ కనిపిస్తే ఎంత చవకైనా ఆ కత్తి వద్దు, ఈ ఒక్క విషయంలో బేరానికి తావు లేదు. కర్రపిడి అయితే మూతి దగ్గర ఇనుప పొన్ను బిగుతుగా ఉండాలి. కర్ర తుమ్మదో చింతదో అయితే మంచిది. కర్ర ఈనె పిడి పొడవునా సాగాలి, అడ్డంగా తెగితే మొదటి వర్షాకాలంలోనే చీలుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత వీధుల్లో, పెరళ్లలో కూలిన చెట్లు చూసిన ఊరు ఇది, ఇంట్లో ఒక మచ్చుకత్తి ఉంచుకోవడం అవసరమే. మణికట్టు కన్నా లావైన కొమ్మకు మాత్రం మచ్చుకత్తి కాదు, రంపం కావాలి. ఆ పనికి కూడా పనికొస్తుందని బరువైన కత్తి కొంటే కొమ్మా తెగదు, కత్తీ మిగలదు.

కొలిమి కత్తి

నా ఓటు అడిగితే, మందపాటి కత్తికి ఊరి కమ్మరిని మించిన బేరం లేదు. అనకాపల్లి, సబ్బవరం, భీమిలి వైపు పల్లెల్లో కొలిమి ఇంకా మండుతున్న చోటు దొరికితే సరుకూ పనీ కళ్లముందే కనిపిస్తాయి. కమ్మరి సాధారణంగా వాడేది లారీ కమాను పట్టీ. గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల లారీ షెడ్లలో తీసేసిన పాత పట్టీలు తుక్కు ధరకే దొరుకుతాయి. ఆ ఉక్కులో కార్బన్ 0.5 నుంచి 0.65 శాతం దాకా ఉంటుంది. మాంగనీసు, సిలికాన్ వంటివీ కలుస్తాయి కాబట్టి దెబ్బకు ఓర్చుకుంటుంది.

ఒక ఇబ్బంది ఉంది. పట్టీ లక్షల సార్లు వంగి లేచినది, లోపల సన్నటి పగుళ్లు ఉండవచ్చు. అవి కంటికి కనపడవు. దానికి పాత వర్క్‌షాపు చిట్కా ఒకటి ఉంది. అలుగును శుభ్రంగా తుడిచి కిరోసిన్ గాని డీజిల్ గాని రాసి పావుగంట వదలండి. పొడిగుడ్డతో ఏ మాత్రం జిడ్డు లేకుండా తుడిచి, దాని మీద మెత్తటి సుద్దపొడి పల్చగా రుద్దండి. పగులు ఉంటే అందులో దాగిన నూనె బయటికి పీల్చుకుని తెల్లటి పొడి మీద సన్నటి నల్లగీత తేలుతుంది. గీత వాదర నుంచి వెన్ను వైపు సాగుతుంటే కత్తి పనికిరాదు. సుత్తిదెబ్బల గుంటలు, నల్లటి పొలుసు మాత్రం లోపాలు కావు. వాటిని నునుపు చేయించడానికి అదనపు డబ్బు పెట్టనవసరం లేదు.

చేయించుకునేటప్పుడు కమ్మరితో మూడు మాటలు మాట్లాడండి. సాగగొట్టిన తర్వాత మళ్లీ ఎర్రగా కాల్చి చల్లార్చాలని, నీళ్లలో కాకుండా నూనెలో ముంచాలని, ముంచి తీశాక మళ్లీ కొద్దిగా వేడి చేసి పెళుసు తగ్గించాలని. కమాను ఉక్కును ఒక్కసారిగా నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఎక్కువ. చివరి వేడి వల్ల వెన్ను నీలం రంగుకు తిరిగినా ఫరవాలేదు, వాదర గడ్డిరంగు నుంచి గోధుమ రంగు మధ్య ఉండటం మేలు. ఈ మాటలు పొరుగువాడి పాఠంలా కాకుండా ప్రశ్నలుగా అడగండి. పని తెలిసిన కమ్మరి అయితే మీకన్నా వివరంగా చెబుతాడు, అదే మీకు దొరికే మొదటి పరీక్షా ఫలితం.

సానపట్టే సైకిలు మీ వీధికి వస్తే అక్కడా ఒక పరీక్ష ఉచితంగా దొరుకుతుంది. చక్రానికి తగిలినప్పుడు నిప్పురవ్వలు చూడండి. కార్బన్ ఎక్కువున్న ఉక్కు తెల్లటి రవ్వలు చిమ్మి, చివర చిచ్చుబుడ్డిలా కొమ్మలు కొమ్మలుగా పేలుతుంది. మెత్తటి ఇనుము రవ్వలు పొడవుగా, నిటారుగా పోతాయి, పేలవు. స్టెయిన్‌లెస్ రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి.

ఆన్‌లైన్‌లో కొంటే

ముట్టుకోలేరు కాబట్టి చదవాలి. వెన్ను మందం, అలుగు పొడవు, మొత్తం బరువు, ఉక్కు తరగతి ఈ నాలుగూ ఇవ్వని పేజీని మూసేయండి. ఫోటోలో అలుగు మీద నీటి అలల్లాంటి చారలుండి ధర కొద్ది వందలే అయితే అది పొరలు కలిపి సాగగొట్టిన ఉక్కు కాదు, మామూలు రేకు మీద లేజరుతో గీసిన బొమ్మ. నిజమైన చారలు వెన్ను మీద కూడా కొనసాగుతాయి. కొన్నవారి సమీక్షల్లో మొదటిరోజు పొగడ్తలను దాటేసి, మూడు నాలుగు నెలల తర్వాత రాసినవి, తుప్పు మచ్చల ఫోటోలు పెట్టినవి వెతకండి. ప్యాకెట్ వచ్చాక తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉండాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల తూనికలు కొలతల నియమాలు ఇవి అడుగుతాయి. ఇవి లేని కత్తి ఏ బ్రాండుదైనా ఊరూపేరూ లేనిదే. వాపసు గడువులోపే కింది పరీక్షలు పూర్తి చేయండి.

ఇంట్లో మొదటి వారం

పండిన టమాటా మీద చాకును బరువు మోపకుండా పెట్టి లాగండి, తొక్కలోకి దిగాలి. వారం రోజులు మామూలుగా వాడి, మధ్యలో సాన పట్టకుండా, మళ్లీ టమాటా మీద పెట్టండి. మొదటిరోజుకూ ఏడోరోజుకూ మధ్య ఎంత దిగజారిందన్నదే ఆ ఉక్కు గురించి మీకు తెలియాల్సిన అసలు విషయం. స్టెయిన్‌లెస్ అయితే ఒక రాత్రి తడిగా గాలికి వదిలి చూడండి. తెల్లారి గోధుమరంగు చుక్కలు కనిపిస్తే వాపసు చేయడమే మంచిది. మచ్చుకత్తితో ఎండు వెదురు మీద పది దెబ్బలు కొట్టి వాదరను దీపం కింద చూడండి. మడత పడితే మెత్తదనం, పెచ్చు ఊడితే పెళుసు. రెండూ లేకపోతే మంచి కత్తి దొరికినట్టు.

విలువ లెక్క

80 రూపాయల చాకును ఆరు నెలలకొకసారి మార్చే ఇల్లు మూడేళ్లలో ఆరు చాకులు, 480 రూపాయలు ఖర్చు పెడుతుంది. 300 పెట్టి చాకు, 180 పెట్టి రెండు వైపులా రెండు రకాల గరుకున్న కార్బొరండం సానరాయి కొన్న ఇల్లూ 480 రూపాయలే ఖర్చు పెడుతుంది, మూడేళ్ల తర్వాత రెండూ ఇంట్లో ఉంటాయి. అలాగని ప్రతిచోటా పెద్ద ధర పెట్టమని కాదు. తొక్క తీసే చిన్న చాకు మామిడి తొక్కలతో పాటు చెత్తబుట్టలోకి పోయే వస్తువు, దానికి చవకదే సరైనది. పై పరీక్షలన్నీ నెగ్గిన 80 రూపాయల కార్బన్ ఉక్కు చాకు దొరికితే రెండు కొనండి. ఒక చాకుకు 600 దాటి పెట్టాల్సి వస్తే మాత్రం అందులో ఎంత ఉక్కుకు, ఎంత పేరుకు అని ఒకసారి ఆగి అడగాలి.

కొన్నాక కాగితంలో చుట్టి, సంచి అడుగున పెట్టి తీసుకెళ్లండి. 2016 ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన పదునైన కత్తుల మీద ఆంక్షలున్నాయి. ఇంటి అవసరానికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. అయినా బొండాల కత్తిని బండి హ్యాండిల్‌కు తగిలించుకుని జగదాంబ కూడలి దాటితే ఆ మినహాయింపును రోడ్డు మీద నిలబడి వివరించాల్సి వస్తుంది. రసీదు జేబులో ఉంచుకోండి.

సానకు కూరగాయల చాకు అయితే రాయి మీద ఒక్కో పక్కకు 15 నుంచి 20 డిగ్రీల వాలు, మచ్చుకత్తికి 25 నుంచి 30. రెండు చక్రాల మధ్య లాగే ప్లాస్టిక్ సాన పరికరం మంచి చాకును కూడా ఏడాదిలో అరగదీసేస్తుంది, దాన్ని 80 రూపాయల చాకులకే ఉంచండి. కార్బన్ ఉక్కు కత్తిని కడిగి తుడిచాక రెండు చుక్కల కొబ్బరినూనె రాయాలి. మచ్చుకత్తిని తోలు ఒరలోనే ఉంచేయవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. నూనె రాసిన గుడ్డలో చుట్టి, సముద్రపు గాలి తగలని అలమరలో, పిల్లల చేతికి అందనంత ఎత్తులో పెట్టండి.